క్యాబేజీ మడికి ఆవ కాపలా: నెల్లిమర్ల గరువులో ఒక శీతాకాలం

అక్టోబరు, సిరిమానోత్సవం వెళ్ళిన వారం

నెల్లిమర్లకు కాస్త ఎగువన, చంపావతి ఒడ్డుకు దగ్గర్లో మా మామయ్య గారికి పది సెంట్ల గరువు ఉంది. ఎర్రనేల, ఇసుక పాలు ఎక్కువ, పక్కనే బోరు. ఇన్నేళ్ళూ అందులో ఒక ఏడు నువ్వులు, ఒక ఏడు గోగు, లేదంటే ఇంటి మట్టుకు వంగ, బెండ. ఈ శీతాకాలానికి దాన్ని నాకు వదిలేశారు. సగానికి పైగా క్యాబేజీ, నాలుగు వరుసలు కాలీఫ్లవర్, గట్ల వెంట ముల్లంగి, అటూ ఇటూ ఆవ. క్యాబేజీ ఎవరైనా పండిస్తారు. నేను చూడదలచుకున్నది వేరు: ఆవను ఎరగా పెట్టి, క్యాబేజీని తినే పురుగును ఆవ మీదే నిలబెట్టగలమా?

మామయ్య గారు తన అభిప్రాయం ముందే చెప్పేశారు. "వరి కోతలయ్యాక పెసలూ మినుములూ చల్లుకునే ఊరు మనది. క్యాబేజీకి వారం వారం మందు కొట్టాలి. అంత మందు కొట్టింది మనం తినలేం, ఇంకొకరికి అమ్మాలంటే మనసొప్పదు. ఆపైన నీ ఇష్టం అమ్మా."

ఆయన మాటకు నా దగ్గర ఎదురు లేదు. ఆ మందుల కథ చదివాకే నాకు ఈ ఆలోచన పుట్టింది. క్యాబేజీకి ప్రధాన శత్రువు డైమండ్ రెక్కల పురుగు. చిటికెన వేలి గోరంత కూడా ఉండని బూడిదరంగు రెక్కల పురుగు అది. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే వీపు మీద లేత రంగు వజ్రపు ఆకారాలు మూడు వరసగా కనిపిస్తాయి. 1953లో జావాలో ఇది డీడీటీకి లొంగటం లేదని తేలింది. పంటల పురుగుల్లో ఆ మందును తట్టుకున్న మొదటిది ఇదే. తర్వాత బీటీ బ్యాక్టీరియాతో చేసిన మందు వచ్చింది. 1990 నాటికి హవాయి పొలాల్లో దాన్నీ తట్టుకుంది, అందులోనూ ఇదే మొదటిది. వెచ్చని చోట రెండు మూడు వారాలకే ఒక తరం పూర్తవుతుంది. ఇలాంటి దానితో డబ్బాల కొద్దీ మందు పట్టుకుని పోటీ పడితే దుకాణదారుడు తప్ప ఎవరూ బాగుపడరు.

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు చాలా ఏళ్ళ కిందటే ఒక పద్ధతి చెప్పారు. 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవ. మొదటి వరుస క్యాబేజీ నారు నాటటానికి 15 రోజుల ముందు విత్తాలి, రెండోది నాటిన 25 రోజులకు. మొదటి ఆవ పూతకు వచ్చి ఆకు ముదిరేసరికి రెండోది లేతగా అందుకుంటుంది. ఇతర దేశాల్లో ఇదే పద్ధతి కొన్నిచోట్ల బాగా పనిచేసింది, కొన్నిచోట్ల అంతగా పనిచేయలేదు. అందుకే మా నేలలో, మా వాతావరణంలో చూడాలనిపించింది.

నారుమడి పని అయింది. నేల నుంచి జానెడు ఎత్తున మడి కట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి, బెత్తెడు ఎడంగా గీతలు గీసి విత్తనం వేశాం. పైన పలచగా వరిగడ్డి. రకం గోల్డెన్ ఏకర్. పాతదే, గడ్డ చిన్నదే, కానీ నాటిన రెండు నెలల్లో చేతికొస్తుంది. మన శీతాకాలం నిడివికి అంతకంటే ఆలస్యపు రకాలు కుదరవు.

అక్టోబరు చివర

అల్పపీడనం. మా జిల్లాల్లో అక్టోబరు అంటేనే గుండె దడ. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఈసారి గాలి లేదు, ముసురు మాత్రం వదల్లేదు. మడి ఎత్తుగా ఉండటం వల్ల నీరు నిలవలేదు. ఒక మూల నారు మొదళ్ళు మెత్తబడి వాలిపోయాయి. నారుకుళ్ళు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీ క్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోశాం, ఆగింది.

నాగుల చవితి

పొద్దున పుట్టలో పాలు పోసి వచ్చి, మధ్యాహ్నం ఆవాలు విత్తాం. వంటింటి డబ్బాలోవి కావు, విత్తనపు ఆవాలు. గింజ చిన్నది కనుక ఇసుకలో కలిపి సాలులో జార్చటమే సులువు. మా అమ్మాయి సాలు వెంట వచ్చి కాలితో మట్టి కప్పింది.

ఆవకూ క్యాబేజీకీ చుట్టరికం ఎంత అని మా అమ్మాయి అడిగింది. దానికి జవాబు కనిపెట్టినవాడి కథే నాకు ఇష్టం. ఊ జాంగ్‌చున్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1898లో టోక్యోలో పుట్టాడు. తండ్రి కొరియా మనిషి, తల్లి జపాను మనిషి. 1935లో ఆయన ఈ కుటుంబం లెక్కను ఒక త్రికోణంగా గీసి తేల్చాడు. మూల జాతులు మూడు: టర్నిప్ వైపుది 10 జతల క్రోమోజోములు, నల్ల ఆవ 8 జతలు, క్యాబేజీ 9 జతలు. మనం తాలింపులో వేసే గోధుమరంగు ఆవ, టర్నిప్ జాతీ నల్ల ఆవా కలిసి పుట్టినది. 10, 8 కలిపితే 18 జతలు. అలాగే 10, 9 కలిపితే 19 జతలతో కనోలా నూనె తీసే మొక్క, 8, 9 కలిపితే 17 జతలతో ఇథియోపియా ఆవ. అంటే మన ఆవలో క్యాబేజీ రక్తం నేరుగా లేదు. రెండూ అక్కచెల్లెళ్ళ పిల్లల వరస. పురుగుకు మాత్రం ఆ వరసలతో పని లేదు, ఇల్లు ఒకటే.

1950లో ఆయన కొరియా వెళ్ళి, చనిపోయేదాకా అక్కడి రైతులకు క్యాబేజీ, ముల్లంగి విత్తనాలు తయారు చేసిపెట్టాడు. త్రికోణం గీసి ఊరుకోకుండా విత్తనం దాకా వెళ్ళటమే నాకు ఆయనలో నచ్చింది.

కార్తీక పౌర్ణమి దాటాక

నారు నాలుగైదు ఆకుల మీద ఉంది. సాయంత్రం ఎండ తగ్గాక నాటటం మొదలుపెట్టాం. వరుసకూ వరుసకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 45. వరి నాట్లకు వచ్చే ఆడవాళ్ళే ఇద్దరు వచ్చారు. వాళ్ళ చేతికి వేగం ఎక్కువ. ఇంత ఎడం ఎందుకమ్మా, మధ్యలో ఇంకొకటి పెట్టేయమంటారా అని ఒకటే అడగటం. గడ్డ పెద్దదయ్యాక చూడండి అన్నాను. ఆ మాట నమ్మినట్టు లేదు.

ఆవ అప్పటికే జానెడు దాటింది. కాలీఫ్లవర్‌లో రెండు రకాలు నాటాం: రెండు వరుసలు పూసా దీపాలి, రెండు వరుసలు స్నోబాల్. స్నోబాల్ చలి రకం, ఇక్కడ ఏమవుతుందో ఊహించవచ్చు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

డిసెంబరు రెండో వారం

ఆవ ఆకుల మీద కిటికీలు మొదలయ్యాయి. కిటికీ అని ఎందుకంటున్నానంటే, చిన్న పురుగు ఆకు అడుగున పచ్చదనం గీకి తిని, పై పొర మాత్రం వదిలేస్తుంది. ఎండకు అడ్డంగా పట్టుకుంటే ఆ చోట గాజులా మెరుస్తుంది. ఆకు తిప్పి వేలితో తాకితే పురుగు వెనక్కి గింజుకుని, సన్నని దారం వదులుతూ కిందికి వేలాడింది. అదే గుర్తు. పొగాకు లద్దె పురుగు ఇలా చేయదు, ముడుచుకుని పడుంటుంది.

ఇక క్యాబేజీ. ఆవకు ఆనుకున్న వరుసల్లో ఆకు ఆకూ తిప్పి చూశాను. అక్కడక్కడ ఒక కిటికీ. అంతే. ఆవ మీద ఉన్నదానితో పోలిస్తే లెక్కలోకి రాదు. తల్లి పురుగు వెతుక్కుంటూ వచ్చి ఆవ దగ్గరే ఆగిందన్నమాట.

ఎందుకు ఆగుతుందో కాస్త వివరంగా రాసుకుంటాను. ఈ ప్రయత్నమంతా ఆ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

ఈ కుటుంబపు మొక్కలన్నీ తమ కణాల్లో గ్లూకోసినొలేట్లు అనే పదార్థాలు దాచుకుంటాయి. మన ఆవలో ఉండేది ముఖ్యంగా సినిగ్రిన్. అది ఉన్నచోట ఉన్నంతసేపు ఘాటు లేదు. పక్క కణాల్లో మైరోసినేజ్ అనే ఎంజైము వేరుగా ఉంటుంది. ఆకును ఎవరైనా కొరికినా గింజను నూరినా రెండూ కలిసి, ముక్కుకు ఎక్కే అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. చాలా పురుగులకు అది విషం, మొక్క పెట్టుకున్న రక్షణ అదే. డైమండ్ రెక్కల పురుగు ఆ రక్షణను దాటింది. దాని కడుపులో ఒక ఎంజైము ఉంది. మైరోసినేజ్ అందుకోకముందే అది గ్లూకోసినొలేటును తెంపి పనికిరాకుండా చేస్తుంది. జర్మనీ పరిశోధకులు 2002లో దీన్ని బయటపెట్టారు. అక్కడితో ఆగలేదు. మిగతా పురుగులు పారిపోయే ఆ ఘాటునే ఇది గుర్తుగా పెట్టుకుంది. తల్లి పురుగు ఆ వాసన పట్టుకుని వచ్చి, ఆకు మీద ఆ పదార్థాలు తగిలాకనే గుడ్లు పెడుతుంది.

కాబట్టి ఆవ పురుగును తరిమే మొక్క అని అక్కడక్కడ చెప్పే మాట ఈ పురుగు విషయంలో తలకిందులు. ఘాటు ఎక్కువైన కొద్దీ ఇంకా ఇష్టంగా వస్తుంది. క్యాబేజీకి చుట్టూ ఘాటైన మొక్క పెట్టటం కంచె వేయటానికి కాదు, విందు పెట్టి దారి మళ్ళించటానికి.

విందు పెట్టి వదిలేస్తే పని చెడుతుంది. ఆవ మీద పెరిగిన పురుగు మళ్ళీ రెక్కలు తొడుక్కుని క్యాబేజీ మీదికే పోతుంది. ఐరోపాలో పసుపు పూల బార్బేరియా అనే మొక్క ఒకటి ఉంది. ఈ కుటుంబానిదే. దాని మీద గుడ్లు పెడితే పిల్లలు బతకవు, ఎర తనే చంపేస్తుంది. మన ఆవకు ఆ గుణం లేదు కనుక చంపే పని మనదే. వేపగింజల కషాయం 5 శాతం: 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త సబ్బు కలిపి. నాకు కావలసింది పంపుకు సరిపడా మాత్రమే. ఎండకు దీని శక్తి తగ్గుతుంది కనుక పొద్దు వాలాక ఆవ వరుసల మీద మాత్రమే కొట్టాం. క్యాబేజీని ముట్టుకోలేదు.

రెండో ఆవ వరుస కూడా ఈ వారమే విత్తాం.

డిసెంబరు చివర

మొదటి వరుస ఆవ పూసింది. మంచు తెరిపిచ్చాక పొలానికి వెళితే తేనెటీగలు ముందే వచ్చి ఉంటున్నాయి. వాటి కోసం పూత మీద కషాయం కొట్టటం ఆపేశాం. రెండో వరుస లేత ఆకు వేస్తోంది, పురుగు అటు మళ్ళటం కనిపిస్తోంది.

పూతతో పాటు పేనుబంక కూడా దిగింది, కొమ్మల చివర్లు బూడిద పూసినట్టు. మామయ్య గారు చూసి "ఎర అన్నావు, ఇది సంత అయిందమ్మా" అన్నారు. నిజమే, సంతకు అందరూ వస్తారు. వారం తిరక్కుండా అక్షింతల పురుగులు వచ్చి పేనుబంకను ఖాళీ చేయటం మొదలుపెట్టాయి. క్యాబేజీ ఆకుల అడుగున చిన్న తెల్లటి గూళ్ళు కొన్ని కనిపించాయి, బియ్యపు గింజలో సగం ఉంటాయేమో. డైమండ్ పురుగు ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని తినేసే కందిరీగలవి. వారం వారం మందు కొట్టే మడిలో ఇవి బతకవు. నా లెక్కలో ఆవ చేసిన మేలులో సగం ఇదే: ఎర పనికంటే, మందు కొట్టనవసరం లేకుండా చేసి వీటిని బతకనివ్వటం.

మా అమ్మాయి ఆవ పువ్వు విప్పి చూసింది. నాలుగు రేకులు అడ్డంగా నిలువుగా, లోపల ఆరు కేసరాలు. వాటిలో నాలుగు పొడవు, రెండు పొట్టి. ముల్లంగి పువ్వు విప్పినా అదే లెక్క. ఈ నాలుగు పొడవు రెండు పొట్టి అన్నది దొరికితే ఆవ కుటుంబమని దాదాపు కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. గట్టు మీద కుక్కవామింట కూడా పసుపు పువ్వే, నాలుగు రేకులే, కానీ కేసరాలు అంతకంటే ఎక్కువ. అది పక్కింటి కుటుంబం.

దూరపు చుట్టాలు మన పెరట్లోనే ఇంకా ఉన్నారు. మునగ, బొప్పాయి కూడా ఇదే పెద్ద వర్గంలోవి, వాటిలోనూ గ్లూకోసినొలేట్లు ఉన్నాయి. నమ్మకపోతే బొప్పాయి గింజ ఒకటి నమలండి. ముందు ఏమీ ఉండదు, తర్వాత ఆవ ఘాటు ముక్కుకు తగులుతుంది. మా అమ్మాయి నమిలింది, ఆ తర్వాత నాతో కాసేపు మాట్లాడలేదు.

సంక్రాంతి

భోగికి ముందే మొదటి గడ్డలు కోశాం. గోల్డెన్ ఏకర్ కనుక గుండ్రంగా, చిన్నగా, గట్టిగా ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే లొంగకూడదు, అప్పుడే కోతకు వచ్చినట్టు. నాట్లకు వచ్చిన ఇద్దరికీ తలా రెండు ఇచ్చాను. ఎడం గురించి ఇప్పుడేమంటారు అని అడగలేదు, వాళ్ళే నవ్వారు.

ఫలితం రాసుకోవాలి. ఆవకు దగ్గరి వరుసల్లో గడ్డలు శుభ్రంగా ఉన్నాయి. బయటి ఆకుల మీద కిటికీలు ఉన్నా గడ్డలోకి పోలేదు. మడి నడుమ వరుసల్లో మాత్రం జనవరి మొదటి వారానికి పురుగు పెరిగింది. చలి తగ్గి, ఎండ కాసి, గాలి పొడిగా మారిన రోజులవి. నడుమ వరుసల వరకు క్యాబేజీ మీద కూడా కషాయం కొట్టక తప్పలేదు. రసాయన మందు డబ్బా మూత మాత్రం తీయలేదు. కనుక ఆవ ఒక్కటే కాపాడుతుందని నేననను. ఆవ, కందిరీగ, వేపగింజ, మూడూ కలిసి కాపాడాయి. ఆవ లేకపోతే మిగిలిన రెండూ చాలవన్నది నా అభిప్రాయం. మన ఎండకు ఎర పని 25 వరుసల వెడల్పున పూర్తిగా సాగలేదు. పదిహేను వరుసలకే ఒక జత ఆవ వేస్తే బాగుండేదనిపిస్తోంది.

కొన్ని మొక్కలకు ఆకు అంచు నుంచి లోపలికి వి ఆకారంలో పసుపు మచ్చ, దాని లోపల ఈనెలు నల్లగా. నల్ల కుళ్ళు తెగులు. బ్యాక్టీరియా వల్ల వస్తుంది, విత్తనంతోనే ప్రయాణిస్తుంది. ఆ మొక్కలు పీకి దూరంగా తగలబెట్టాం. విత్తనాన్ని 50 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి ఆరబెట్టి వేస్తే చాలావరకు పోతుందంటారు.

విజయనగరం రైతుబజారుకు పంపిన సరుకు గురించి పెద్దగా చెప్పేది లేదు. పండగ వెళ్ళాక క్యాబేజీ ధర ఎవరికీ రాదు, మాకూ రాలేదు. ఖర్చు తక్కువ కనుక నష్టం లేదు.

కాలీఫ్లవర్

దీనికి వేరే పేజీ. పూసా దీపాలి పువ్వు డిసెంబరు చివరికే చేతికొచ్చింది. గడ్డ పెద్దది కాదు, కానీ తెల్లగా, బిగుతుగా ఉంది. పువ్వు కనిపించగానే చుట్టూ ఉన్న ఆకులు పైకి లాగి అరటినారతో కట్టాం. ఎండ తగిలితే పసుపు తిరుగుతుంది.

స్నోబాల్ జనవరి నెలాఖరు దాకా ఆకులే వేసింది. తర్వాత వచ్చిన పువ్వు కూడా విడిపోయి, పైన నూగు లేచి, అన్నం మెతుకుల్లా అయింది. ఆ రకానికి గడ్డ కట్టే సమయంలో 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న మైదానంలో పగలూ రాత్రీ అంత చలి నిలవదు.

అసలు దీపాలి లాంటి రకం ఉండటమే మన దేశపు తోటమాలుల చేతి చలవ. కాలీఫ్లవర్ 1822లో ఇంగ్లండు నుంచి సహారన్‌పూర్ తోటకు వచ్చింది. అది చలి దేశపు మొక్క. ఇక్కడి వేడికి తట్టుకుని గడ్డ కట్టినవాటి విత్తనమే తీసి మళ్ళీ మళ్ళీ వేస్తూ, వందేళ్ళలో ఎండను ఓర్చే కాలీఫ్లవర్‌ను మనవాళ్ళు వేరుగా తయారు చేశారు. వేరే దేశం నుంచి వచ్చిన పంట అని మామయ్య గారు అన్నప్పుడల్లా నేను ఈ సంగతి చెబుతుంటాను. "మరి స్నోబాల్ ఎందుకు వేశావు?" అంటారాయన.

రథసప్తమి తర్వాత

అరసవల్లి వెళ్ళి వచ్చిన మర్నాడు ఆవ కోత. కింది కాయలు పసుపుపచ్చగా తిరిగాక, పైవి ఇంకా కొద్దిగా పచ్చగా ఉండగానే కోయాలి. అన్నీ ఎండేదాకా ఆగితే కాయ పగిలి గింజ నేలపాలు. అందుకే తెల్లవారుజామున, మంచు తడి ఉండగానే కొడవలి పెట్టాం. కళ్ళంలో టార్పాలిన్ మీద ఆరబెట్టి కర్రతో కొట్టాం. ఖాళీ కాయలో రెండు పెంకుల నడుమ సన్నని తెర ఒకటి మిగులుతుంది, ఉల్లిపొర కంటే పలచన, వెలుతురు దాటుతుంది. గింజలు దానికి అటూ ఇటూ అంటుకుని పెరుగుతాయి. ముల్లంగి కాయలో అలా తేలిగ్గా విడదు, మెత్తగా బెండులా ఉంటుంది.

కోతకు ముందు చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది, ఆవ వేసే ప్రతివాళ్ళూ చేయాలి. గట్ల మీద, ఏటి ఇసుకలో బలురక్కసి మొలుస్తుంది. ఒళ్ళంతా ముళ్ళు, పసుపు పువ్వు, తుంచితే పసుపుపచ్చటి పాలు. దాని గింజ ఆవగింజ అంతే, రంగూ దాదాపు అంతే. ఆ గింజ నూనె కలిసిన ఆవనూనె వల్ల 1998లో ఢిల్లీలో ఒళ్ళు నీరుపట్టే జబ్బు వచ్చి అరవై మందికి పైగా చనిపోయారు. మా గట్టు మీద ఉన్న మొక్కలను పూత దశలోనే చేతికి గోనె చుట్టుకుని పీకేశాం. అయినా గింజలు చేటలో పోసి చూసుకున్నాం. ఆవగింజ గుండ్రంగా, వేళ్ళకు దాదాపు నునుపుగా ఉంటుంది. బలురక్కసి గింజ గరుకుగా, పైన వల అల్లినట్టు, ఒక చివర చిన్న మొనతో ఉంటుంది. ఒక్కటీ దొరకలేదు. చూపు సరిగా ఆనే వయసువాళ్ళనే ఈ పనికి కూర్చోబెట్టాలి.

దిగుబడి ఇంటికి ఏడాదికి సరిపోయి, తోడికోడలి పుట్టింటికి పంపేంత.

ఫిబ్రవరి, వంటింట్లో

కాపలాకు పెట్టిన పంట కనుక ఇంటి మనిషి లెక్కన చూడాలని, ఆవాలతో ఒక పరీక్ష చేశాను. కొత్త ఆవాలు పొడి కొట్టి రెండు గిన్నెల్లో సమంగా వేసి, ఒకదానిలో చల్లటి నీళ్ళు, ఒకదానిలో మరుగుతున్న నీళ్ళు పోశాను. పది నిమిషాలు ఆగి వాసన చూస్తే, చల్లటి నీళ్ళ గిన్నె కళ్ళ నీళ్ళు తెప్పించింది. వేడి నీళ్ళ గిన్నెలో ఘాటు జాడ లేదు, చేదు మాత్రం ఉంది. మరిగే నీరు మైరోసినేజ్‌ను చంపేసింది, ఇక ఘాటు పుట్టించేవాళ్ళు లేరు. తాలింపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి తప్ప ముక్కుకు ఎక్కవు. కారణం అదే. మూడో గిన్నెలో చింతపండు రసం కలిపి చూశాను. ఘాటు వచ్చింది కానీ నెమ్మదిగా, తక్కువగా. పులుపు కూడా ఎంజైమును అణుస్తుంది.

అత్తయ్య పక్కనే పనసపొట్టు తరుగుతూ ఇదంతా చూశారు. "ఆవ పెట్టేటప్పుడు పొయ్యి ఆర్పెయ్యమని నీకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను కదమ్మా" అన్నారు. ఆవిడ పద్ధతి: ఆవాలు, ఎండుమిరపకాయ, కొంచెం ఉప్పు, తగినన్ని చల్లటి నీళ్ళతో నూరి పక్కన పెట్టటం. కూర పొయ్యి మీద నుంచి దించి, ఆవిరి పోయాక కలపటం. చింతపండు ముందే కూరలో ఉడికిపోయి ఉంటుంది, ఆవ ముద్దలో ఎప్పుడూ వేయరు. నా మూడు గిన్నెల ఫలితం మొత్తం ఆవిడ వరుస క్రమంలోనే ఉంది.

మా తోడికోడలి పుట్టిల్లు ఇచ్ఛాపురం. అక్కడి ఒడియా ఇళ్ళలో ఆవముద్దతో బెసర వండుతారు, కూరగాయలకూ చేపలకూ. వాళ్ళు ఆవముద్దను కూరతో పాటు ఉడకనిస్తారు. అందుకే అందులో కమ్మదనం ఎక్కువ, ఘాటు తక్కువ. తోడికోడలు చేసిన బెసరా అత్తయ్య చేసిన పనసపొట్టు కూరా ఒకే పూట తిన్నాం. ఒకే గింజ, పొయ్యి ఆర్పిన వేళలో తేడా. లేత ఆవాకు కూడా వాళ్ళు వండుకుంటారు. వచ్చే ఏడు రెండో వరుస ఆవ నుంచి ఆకు కోయవచ్చు, కాకపోతే కషాయం కొట్టక ముందు.

మార్చి

గట్ల మీద వదిలేసిన ముల్లంగి నడుములెత్తు పెరిగి తెలుపు, ఊదా కలిసిన పూలు పూసింది. లేత కాయలు కోసి పప్పులో వేశాం. దుంపకంటే మంచి ఘాటు ఉంది వాటికి. ఉత్తరాదిన వీటిని మొగరి అని కూరగానే అమ్ముతారు. ఇక్కడ ఎవరూ అడగరు.

నాలుగు క్యాబేజీ మొక్కలు కోయకుండా వదిలాను, పూస్తాయేమో చూడాలని. పూయలేదు. గడ్డ పగిలి, పక్క నుంచి పిలకలు వేసి, ఎండకు వడిలిపోయింది. క్యాబేజీ పూయాలంటే ముదిరిన మొక్క కొన్ని వారాల పాటు గట్టి చలిలో గడపాలి. మన మైదానంలో ఆ చలి లేదు కనుక గడ్డ కట్టగలదు కానీ విత్తనం కట్టలేదు. విత్తనం కులు లోయలోని కాట్రాయిన్ లాంటి కొండ ప్రాంతాల నుంచి రావాల్సిందే. ఈ మడిలో వేసినవాటిలో వచ్చే ఏటికి తన విత్తనం తానే ఇచ్చేవి ఆవ, ముల్లంగి. ముల్లంగి విత్తనం కోసం ఒక గట్టు మొత్తం వదిలాను. రెండు రకాలు పక్కపక్కన పూస్తే తేనెటీగలు కలిపేస్తాయి కనుక ఒకే రకం ఉంచాను.

క్యాబేజీ మోళ్ళు పొలంలో ఉంచితే పురుగు వేసవి అంతా వాటి మీదే తలదాచుకుంటుంది. మోళ్ళూ రెండో వరుస ఆవ కట్టెలూ పీకి ఎండబెట్టి తగలబెట్టాం. మడి లోతుగా దున్ని ఎండకు వదిలేశాం. జూన్ వానకు అందులో నువ్వులు చల్లుతానంటున్నారు మామయ్య గారు. పక్కన రెండు సెంట్లు మాత్రం అక్టోబరు దాకా ఏమీ వేయకుండా ఉంచమని అడిగాను. కొత్త నారుమడి పాత మోళ్ళకు దూరంగా ఉండాలి. "ఎంత దూరం?" అన్నారు. బోరు అవతలి వైపు చూపించాను. అక్కడ ఆయన వంగ నారు పోస్తారు. ఈ విషయం ఇంకా తేలలేదు.